ఎముకల స్కాన్‌లో ఎముక కాని మచ్చ

క్యాన్సర్ వైద్యం చేయించుకుంటున్నవాళ్ల ఫైలు తెరిస్తే చాలాసార్లు బోన్ స్కాన్ రిపోర్టు కనిపిస్తుంది. రొమ్ములోనో ప్రోస్టేట్ గ్రంథిలోనో మొదలైన క్యాన్సర్ ఎముకలకు పాకిందా అని తేల్చుకోవడానికి రాసే పరీక్ష ఇది. రిపోర్టు చేతికి రాగానే ఇంట్లోవాళ్లంతా వెతికేది ఒక్క మాట కోసమే: ఎముకల్లో ఉందా, లేదా? లేదని ఉంటే మనసు కుదుటపడుతుంది, కాగితం మళ్లీ కవర్లోకి వెళ్లిపోతుంది. పరీక్ష రాసిన డాక్టరు చూపు కూడా ముందు ఆ మాట మీదే పడుతుంది, పడాలి కూడా. అయితే కొన్ని రిపోర్టుల్లో దానికి పైనో కిందో ఇంకో వాక్యం ఉంటుంది. ఎముక కాని చోట, అంటే గుండె దగ్గరో, పొట్టలోనో, చంకలోనో స్కాన్ కోసం ఎక్కించిన మందు చేరినట్టు కనిపిస్తోందనీ, రోగి పరిస్థితితో సరిచూసుకోవాలనీ దాని సారాంశం. సరిచూడాల్సింది ఎవరో, దేనితోనో, ఎన్నాళ్లలోనో అందులో ఉండదు. స్కాన్ చదివిన డాక్టరు తన బాధ్యత తీరిందనుకుంటారు, రాయించిన డాక్టరు అది తన శాఖ కాదనుకుంటారు, రోగికి ఆ ఇంగ్లిషు వాక్యం అర్థమే కాదు. ఇలా గాల్లో వదిలేసే అలవాటు పోవాలన్నదే నా వాదన. అనుకోకుండా కనిపించిన మచ్చ గురించి స్కాన్ చదివినవారు ఏదో ఒకటి తేల్చి చెప్పాలి: ఇది పట్టించుకోనక్కర్లేనిది, లేదా ఇది ఫలానా జబ్బు కావచ్చు, ఫలానా పరీక్ష ఇన్ని రోజుల్లో చేయించండి అని. అలా చెప్పడానికి కావలసిన సమాచారం వాళ్లకు అందించడం మిగతావాళ్ల పని.

ఈ మచ్చలు ఎందుకు వస్తాయో తెలియాలంటే పరీక్ష ఎలా జరుగుతుందో కొంచెం చూడాలి. చేతి నరంలోకి ఎక్కించే మందులో రెండు భాగాలుంటాయి. ఒకటి ఎం.డి.పి. అనే ఫాస్ఫరస్ సమ్మేళనం. ఎముకలో కొత్తగా ఖనిజం పేరుకునే చోటికి వెళ్లి అతుక్కోవడం దాని గుణం. రెండోది టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం. ఎం.డి.పి. ఎక్కడికి చేరిందో దీని గామా కిరణాల వల్లే కెమెరాకు తెలుస్తుంది. ఫాస్ఫేట్‌ను టెక్నీషియంతో జతచేసి ఎముకలను చూడవచ్చని 1971లో అమెరికాలో గోపాల్ సుబ్రమణియన్, జాన్ మెకాఫీ చూపించారు. ఇప్పుడు విరివిగా వాడే ఎం.డి.పి. 1975లో వచ్చింది. ఇంజెక్షన్ ఇచ్చాక 2 నుంచి 4 గంటలు ఆగమంటారు, నీళ్లు బాగా తాగమంటారు, తరచూ మూత్రానికి వెళ్లమంటారు. మందులో దాదాపు సగం ఎముకల్లో చేరుతుంది, మిగతాది కిడ్నీల గుండా మూత్రాశయంలోకి దిగుతుంది. అందుకే కిడ్నీలు, మూత్రాశయం స్కాన్‌లో కనిపించడం మామూలే. ఇక్కడ మరిచిపోకూడనిది ఒకటుంది. ఎం.డి.పి. వెతుక్కుంటూ పోయేది ఎముకను కాదు, కాల్షియం పేరుకునే చోటును. చచ్చిపోయిన కండరంలో, గడ్డ నడుమ కుళ్లిన భాగంలో, సున్నం పట్టిన పాత మచ్చలో కూడా అది చేరుతుంది. వాపు ఉండి రక్తనాళాలు స్రవిస్తున్న చోట కాసేపు నిలుస్తుంది. కెమెరా మందు ఎక్కడుందో చూపిస్తుంది, అంతే. ఎందుకుందో చెప్పాల్సింది మనిషి.

చెప్పడం ఎంత అవసరమో జబ్బే కాని మచ్చలతోనే అర్థమవుతుంది. కుడి రొమ్ములో క్యాన్సర్ ఉన్న స్త్రీకి కుడి చంకలో చిన్న చుక్క మెరిసిందనుకుందాం. చంకలోని లింఫు గ్రంథులకు పాకిందని భయపడడానికి అది చాలు. కానీ ఇంజెక్షన్ కుడి మోచేతి దగ్గరే ఇచ్చి ఉంటే, సూది నరం నుంచి జారి కొంత మందు చర్మం కింద చిందితే, ఆ మందు లింఫు నాళాల వెంట పైకి పాకి చంక గ్రంథిలో ఆగుతుంది. మోచేతి దగ్గర ఒక మచ్చ, చంకలో ఒక చుక్క, రెండూ ఒకే వైపు. జబ్బున్న రొమ్ముకు అవతలి చేతికి ఇంజెక్షన్ ఇవ్వడం, ఏ చేతికి ఎక్కడ ఇచ్చారో రాసిపెట్టడం అందుకే. ఆ ఒక్క ముక్క రాసి లేకపోతే లేని జబ్బుకు బయాప్సీ దాకా వెళ్లాల్సి రావచ్చు. తొడ దగ్గర కనిపించే మచ్చ చాలాసార్లు బట్టకో చర్మానికో అంటిన మూత్రపు చుక్క. బట్ట మార్చి, కడిగి, మళ్లీ ఫొటో తీస్తే మాయమవుతుంది. మెడలో థైరాయిడ్, నోటి పక్క లాలాజల గ్రంథులు, కడుపు, మూడూ కలిసి వెలిగితే తేడా రోగిలో కాదు, మందు తయారీలో. టెక్నీషియం ఎం.డి.పి.కి సరిగా అతుక్కోక విడిగా తిరుగుతోందన్నమాట. పిరుదు కండరంలో ఐరన్ ఇంజెక్షన్ చేయించుకున్నవాళ్లకు ఆ చోట మచ్చ పడవచ్చు. వీటిలో ఏ ఒక్కటీ బొమ్మ చూసి మాత్రమే తేల్చగలిగేది కాదు. సూది ఎక్కడ వేశారు, కిందటి నెలలో ఏ ఇంజెక్షన్లు పడ్డాయి, మందు నాణ్యత పరీక్షలో ఏం వచ్చింది అన్న వివరాలు పక్కన ఉంటేనే తేలుతుంది.

ఇప్పుడు రెండో వైపు. కడుపుతో పాటు ఊపిరితిత్తులు, కిడ్నీలు కూడా బాగా వెలిగి, థైరాయిడ్ మాత్రం వెలగకపోతే కథ పూర్తిగా మారిపోతుంది. ఈ మూడు అవయవాలూ శరీరం నుంచి ఆమ్లాన్ని బయటకు పంపేవి. అందువల్ల వాటి కణజాలం కొంత క్షారంగా ఉంటుంది, రక్తంలో కాల్షియం మితిమీరితే ముందుగా అక్కడే పేరుకుంటుంది. మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్, పారాథైరాయిడ్ గ్రంథి జబ్బు, దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో ఇలా కనిపిస్తుంది. కాల్షియం బాగా పెరిగితే మనిషి మత్తులోకి జారుకుంటాడు, గుండె లయ తప్పుతుంది. చిన్న రక్త పరీక్షతో ఆ రోజే తేలే విషయం ఇది. అదే కడుపు మెరుపు, ఒక చోట మందు తయారీలో లోపం, ఇంకో చోట అత్యవసరం. కిడ్నీల సంగతీ అంతే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, ప్రోస్టేట్ క్యాన్సర్ పెరిగి మూత్రనాళాన్ని నొక్కితే కిడ్నీ ఉబ్బుతుంది, మందు అందులో నిలిచిపోతుంది. మూత్రానికి వెళ్లి, నాలుగడుగులు నడిచి వచ్చాక మళ్లీ ఫొటో తీస్తే నిలిచిపోయిన మూత్రమో, నిజమైన అడ్డంకో చాలావరకు తెలుస్తుంది. ఎముకల్లో ఏమీ లేదన్న సంతోషంలో ఉబ్బిన కిడ్నీ మరుగున పడితే, కొన్ని నెలల్లో కిడ్నీ పాడైపోయి కీమోథెరపీ కూడా ఇవ్వలేని స్థితి రావచ్చు. ఛాతీలో ఒక పక్కంతా పల్చగా మందు పరుచుకుంటే ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరి ఉండవచ్చు, అందులో క్యాన్సర్ కణాలు ఉండవచ్చు. మన్యంలోనో ఆదిలాబాద్ అడవుల్లోనో పుట్టిన పిల్లవాడికి ఎముక నొప్పి అని స్కాన్ తీస్తే ప్లీహం మెరిసిందంటే, సికిల్ సెల్ జబ్బు వల్ల అది ఎండి సున్నం పట్టిపోయిందేమో చూడాలి. ప్లీహం పనిచేయని పిల్లలకు చిన్న ఇన్ఫెక్షన్ కూడా ప్రాణం మీదికి తెస్తుంది, టీకాలు తప్పనిసరి. 2023లో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. వేరే పనికి తీసిన స్కాన్‌లో దొరికిన ఆధారం అలాంటి కార్యక్రమం దాకా చేరకపోతే దొరికీ ఏం లాభం?

వీటన్నిటికంటే గట్టి సాక్ష్యం గుండెది, అందుకే దాని గురించి వివరంగా చెప్పాలి. ఎముకల మందు కొందరి గుండె కండరంలో చేరుతుందని 1970ల నుంచే డాక్టర్లు గమనిస్తున్నారు. ఆ రోజుల్లో పైరోఫాస్ఫేట్ అనే ఇదే కోవ మందును గుండెపోటులో దెబ్బతిన్న కండరం చూడడానికి వాడేవారు. అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకున్న గుండెలో కూడా ఇది చేరుతోందని 1980ల ఆరంభానికే పత్రికల్లో వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లు అది ఒక వింతగానే మిగిలింది. 2005లో ఇటలీలోని బొలోన్యా బృందం గుండెలో చేరిన మందును ఎముకలతో పోల్చి శ్రేణులుగా విభజించింది. ఇప్పటి వాడుకలో పక్కటెముక కంటే తక్కువైతే 1, సమానమైతే 2, ఎక్కువైతే 3. 2016లో జూలియన్ గిల్‌మోర్, వివిధ దేశాల సహచరులు 1,217 మంది ఫలితాలను సర్క్యులేషన్ పత్రికలో ప్రచురించారు. పైరోఫాస్ఫేట్ లాంటి మందులతో తీసిన స్కాన్‌లో గుండెలో 2 లేదా 3 శ్రేణి మెరుపు ఉండి, రక్తంలోనూ మూత్రంలోనూ మోనోక్లోనల్ ప్రొటీన్ (ఎముక మజ్జ కణాల జబ్బుల్లో కనిపించేది) లేకపోతే, అది ట్రాన్స్‌థైరెటిన్ అమిలాయిడోసిస్ అని బయాప్సీ లేకుండానే చెప్పవచ్చని తేలింది. ఆ పరిశోధనలో ఇలాంటివాళ్లలో నిర్ధారణ ఒక్కటీ తప్పలేదు. అంతకు ముందు ఈ జబ్బు తేల్చాలంటే గుండెలోకి తీగ పంపి ముక్క కోసి తీయాల్సి వచ్చేది. ఎన్నో ఏళ్లు రిపోర్టులో ఒక పక్క వాక్యంగా ఉండిపోయిన మెరుపే చివరికి నిర్ధారణ పరీక్షగా మారింది.

ఈ జబ్బు ఎక్కువగా కనిపించేది వయసు మళ్లిన మగవాళ్లలో. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు బోన్ స్కాన్ తీసేదీ వాళ్లకే. ఆయాసం, కాళ్ల వాపు ఉంటే వయసు వల్లనో బీపీ వల్లనో అనుకుంటారు. రెండు చేతులకూ కార్పల్ టన్నెల్ (మణికట్టులో నరం నొక్కుకుపోయే జబ్బు) ఆపరేషన్ అయి ఉండటం, నడుము వెన్నుపూస కాలువ ఇరుకవడం కూడా ఈ జబ్బుకు ముందస్తు గుర్తులు కావచ్చు, గుండె లక్షణాలకు ఎన్నో ఏళ్ల ముందే రావచ్చు. అలాంటి మనిషి స్కాన్‌లో గుండె మెరిస్తే రాయాల్సింది ఇలా ఉండాలి: మెరుపు ఫలానా శ్రేణి, అది గుండె గదిలోని రక్తంలో కాదు కండరంలోనే ఉందని స్పెక్ట్ అనే త్రీడీ స్కాన్‌లో చూశాం, ముందు రక్తం, మూత్రం మోనోక్లోనల్ ప్రొటీన్ పరీక్షలు చేయించండి, గుండె డాక్టరుకు చూపించండి. ప్రొటీన్ పరీక్ష ముందు ఎందుకంటే, లైట్ చెయిన్ అమిలాయిడోసిస్ అనే ఇంకో రకంలో కూడా గుండె మెరవవచ్చు. అది ఎముక మజ్జకు సంబంధించిన జబ్బు, వారాలు కూడా ఆలస్యం చేయకూడనిది. 2016 పరిశోధనలో స్కాన్ ఒక్కటే చూస్తే తప్పు నిర్ధారణలు వచ్చినవి దాదాపు అన్నీ ఈ రకం వల్లనే. ఇంత తేడా ఉన్న రెండు జబ్బులను ఒక్క సరిచూసుకోండి అన్న మాట కింద కప్పేయడం ఏ విధంగా సమర్థనీయం?

దీనికి వచ్చే అభ్యంతరాలు బలమైనవే. మొదటిది, కనిపించిన ప్రతిదాని వెంటా పడితే పరీక్షలు పెరుగుతాయి, డబ్బు పోతుంది, మనిషి అనవసరంగా బెంగపడతాడు. నిజమే. వయసు పైబడినవాళ్ల పక్కటెముకల మృదులాస్థిలో, స్వరపేటికలో, గట్టిపడిన రక్తనాళాల్లో, గర్భసంచిలోని సున్నం పట్టిన గడ్డల్లో మందు కొంచెం చేరడం కొత్తేమీ కాదు. గుండెలో 1వ శ్రేణి మెరుపు ఒక్కదానితో ఏ జబ్బూ తేలదు. కానీ ఈ అభ్యంతరం నా వాదనకే బలమిస్తుంది. పరీక్షలను పెంచేది గోడమీద పిల్లిలాంటి ఆ వాక్యమే. సరిచూసుకోండి అని రాస్తే జాగ్రత్తపరుడైన డాక్టరు ఒక సీటీ, ఒక ఎమ్మారై, ఇద్దరు స్పెషలిస్టుల దగ్గరికి చీటీ రాస్తారు, తొందరలో ఉన్న డాక్టరు ఏదీ రాయరు. ఇది సున్నం పట్టిన ఫైబ్రాయిడ్, ఏమీ చేయనక్కర్లేదు అని సంతకంతో రాస్తే అక్కడితో ఆగిపోతుంది. అనుమానం ఉంటే మళ్లీ తీసే ఫొటోకు కొత్త ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు. టెక్నీషియం 6 గంటలకోసారి సగానికి తగ్గుతుంది, 24 గంటలకు పదహారో వంతే మిగులుతుంది. అంటే ఆ రోజే, రోగి ఇంకా ఆసుపత్రి ఆవరణలో ఉండగానే, స్పెక్ట్-సీటీలో ఆ భాగాన్ని చూడడానికి సమయం ఉంది. రోగి సాయంత్రం బస్సెక్కి ఊరికి వెళ్లిపోయాక ఆ అవకాశం పోతుంది. బొమ్మలను రోగి లేవకముందే డాక్టరు ఒకసారి చూడాలనడం ఇందుకే.

రెండో అభ్యంతరం డబ్బుది, దీన్ని తేలిగ్గా తీసుకోలేం. ట్రాన్స్‌థైరెటిన్ అమిలాయిడోసిస్‌కు టఫామిడిస్ అనే మందు ఉంది. 2018లో వచ్చిన పరిశోధనలో 441 మందిని 30 నెలలు గమనిస్తే, మందు వాడినవాళ్లలో 29.5 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 42.9 శాతం చనిపోయారు. ప్రయోజనం స్పష్టం. కానీ 2019లో అమెరికాలో విడుదలైనప్పుడు దాని ధర ఏడాదికి 2,25,000 డాలర్లు. కొనలేని మందున్న జబ్బు పేరు చెప్పి ఒక రైతు కుటుంబాన్ని బాధపెట్టడం దేనికని అడగవచ్చు. పేరు తెలిస్తే ఆ మందు లేకుండానే వైద్యం మారుతుంది, అదీ నా సమాధానం. గుండె జబ్బులకు మామూలుగా ఇచ్చే వెరపమిల్, డిల్టియాజెమ్ ఈ గుండెకు పడవు. బీటా బ్లాకర్లూ చాలామంది తట్టుకోలేరు. ఒంట్లో నీరు చేరకుండా చూసుకోవాలి, గుండె లయ తప్పితే రక్తం గడ్డకట్టకుండా మందు వేయాలి, కొందరికి పేస్‌మేకర్ అవసరమవుతుంది. వంశపారంపర్య రకమైతే పిల్లలకూ చెప్పాలి. క్యాన్సర్ డాక్టరుకు కూడా ఇది పరాయి సంగతి కాదు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఇచ్చే అబిరటెరోన్ ఒంట్లో నీటిని నిలుపుతుంది, బీపీ పెంచుతుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు దాన్ని ఆలోచించి ఇవ్వాలి. గుండె మెరుపు తన శాఖ కాదనుకున్న డాక్టరు రాసే తర్వాతి చీటీయే దానితో ముడిపడి ఉంది.

బోన్ స్కాన్ రోజులు అయిపోతున్నాయి, ఇక అంతా పెట్ స్కానే కదా అన్నది మూడో మాట. పెద్ద నగరాల్లో అది కొంతవరకు నిజం. కానీ ఖర్చు తక్కువ కాబట్టి బోన్ స్కాన్ ఇంకా చాలా ఊళ్ల రోగులకు అందుబాటులో ఉన్న పరీక్ష. పెట్‌లో అనుకోని మచ్చలు తగ్గవు సరికదా, పెరుగుతాయి. ఇప్పుడు అలవడని పద్ధతి అప్పుడు హఠాత్తుగా అలవడదు. ల్యాబులో రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా ఉంటే వార్డుకు ఫోన్ చేసి, ఎవరికి చెప్పారో, ఎన్ని గంటలకు చెప్పారో రాసుకునే పద్ధతి మంచి ఆసుపత్రుల్లో ఉంది. ఉబ్బిన కిడ్నీకీ, కాల్షియం అనుమానానికీ, గుండె మెరుపుకూ అదే పద్ధతి పెట్టడానికి కొత్త యంత్రం కొననక్కర్లేదు.

స్కాన్ చదివేవారి మీదే భారమంతా మోపడం న్యాయం కాదు. వాళ్లకు చేరే చీటీలో చాలాసార్లు ఉండేది జబ్బు పేరు, స్కాన్ పేరు, రెండే. దీనివల్ల ఎంత నష్టమో మన నేల మీదే చూడవచ్చు. నల్లగొండ, ప్రకాశం ప్రాంతాల నీళ్లలో ఫ్లోరైడ్ గురించి తెలియనివాళ్లు లేరు. ఆ ఫ్లోరైడ్ తెచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి 1937లోనే, అప్పటి మద్రాస్ ప్రెసిడెన్సీ నుంచి, వైద్య పత్రికలో రాశారు. ఎముకలకు ఫ్లోరోసిస్ ముదిరితే అస్థిపంజరమంతా ఒక్కలాగే మందును లాక్కుంటుంది. కిడ్నీల దాకా పోవడానికి మందు మిగలదు, స్కాన్‌లో అవి దాదాపు కనిపించవు. స్నాయువుల్లో, ముంజేతి రెండు ఎముకల నడుమ పొరలో సున్నం పడుతుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలంతటా పాకినప్పుడు కూడా బొమ్మ ఇంచుమించు ఇలాగే వస్తుంది, కిడ్నీలు ఇలాగే మాయమవుతాయి. ఒకదానికి మూలం చిన్నప్పటి నుంచి తాగిన బోరు నీళ్లు, ఇంకోదాని అర్థం నాలుగో దశ క్యాన్సర్. ముంజేతుల ఎక్స్‌రే, పీఎస్‌ఏ అనే ప్రోస్టేట్ రక్త పరీక్ష విలువ, పుట్టి పెరిగిన ఊరి పేరు పక్కన పెట్టుకుంటే వీటిని విడదీయడం కష్టం కాదు. చీటీలో ఊరి పేరు లేకపోతే స్కాన్ చదివే డాక్టరుకు ఆ ప్రశ్నే తట్టకపోవచ్చు.

కాబట్టి మార్పు చీటీతో మొదలవ్వాలి. బోన్ స్కాన్ కోరే కాగితంలో ఇవి నింపకుండా రోగిని పంపకూడదు: ఏ జబ్బు, ఏ వైపు, చేసిన ఆపరేషన్లు, ఈ మధ్య పడిన ఇంజెక్షన్లు, కాల్షియం, క్రియాటినిన్ విలువలు, గుండె జబ్బు ఉందా లేదా, పెరిగిన ఊరు. ఇంజెక్షన్ ఇచ్చే సిస్టరో టెక్నీషియనో ఏ చేతికి ఇచ్చారో దాని మీదే రాయాలి. ఇది అయిదు నిమిషాల పని. రిపోర్టు చివర ఎముకల మాట తర్వాత, ఎముక కాని వాటికి విడిగా ఒక పేరా ఉండాలి, ఏమీ లేకపోతే ఏమీ లేదనే రాయాలి. ఆ పేరాలో ఉన్నది రోగికి తెలుగులో చెప్పి పంపాలి. రోగి తరఫున వచ్చిన కొడుకో కూతురో కూడా రిపోర్టు తీసుకునేటప్పుడు, ఎముకలు కాక ఇంకేమైనా కనిపించిందా అని అడగాలి. ఆ ప్రశ్నకు కౌంటర్లో గుమస్తా కాదు, స్కాన్ చదివిన డాక్టరే జవాబివ్వాలి.